మీకు తెలుసా? సీనివెడి, అమెరికా దూది, మధ్యలో మా సేత్తూరు

సేత్తూరులో ఏ టీకొట్టు ముందు నిలబడినా పొద్దున్నే వినపడే మాట ఒకటుంది: "అన్నా, సీని తక్కువ!" రాజపాళయం నుంచి తెన్‌కాశి పోయే రోడ్డు మీద, పడమటి కొండల పంచన ఉన్న ఊరు ఇది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మాబోటివాళ్ళకి ఆ మాట ఏ భాషదో ఆలోచించే అలవాటు లేదు. మదురై దిగువన పంచదారని అందరూ సీని అనే అంటారు. ఆ సీని చీనీయే. చీనీ అంటే చైనాది.

అప్పడాలు వేయించే లోతు మూకుడు మాకు సీనచట్టి. దీపావళికి పిల్లలు ముందుగా అంటించేది సీనివెడి. ఆంధ్రా వైపు దాన్ని సీమటపాకాయ అంటారు. వాళ్ళు 'ఎక్కడో పరదేశానిది' అని ఊరుకున్నారు, ఇక్కడివాళ్ళు దేశం పేరు పెట్టి మరీ పిలిచారు, అంతే తేడా. చైనా సరుకు ముట్టొద్దని రోజూ వాట్సాప్‌లో సందేశాలు పంపే మామ ఒకాయన ఉన్నాడు మాకు. పంపడం అయ్యాక ఆయన తాగేదీ సీని టీయే.

చైనా ఎదుగుదల, అమెరికాతో దాని బేరాలు, తగవులు అనగానే పేపర్లో వచ్చే పెద్ద పెద్ద అంకెలు గుర్తొస్తాయి. ఈసారి ఆ అంకెలు మా దూదికీ, అగ్గిపెట్టెకీ ఎక్కడ తగిలాయో చూద్దాం.

బోస్టన్‌లో పారబోసింది ఎవరి టీ?

1773 డిసెంబరు 16 రాత్రి అమెరికా వలసవాసులు బోస్టన్ రేవులో 342 పెట్టెల టీ సముద్రంలో గుమ్మరించారు. పెట్టెలు ఈస్టిండియా కంపెనీవి కాబట్టి అది మన దేశపు టీ అనుకునేవాళ్ళు చాలామంది. కాదు, ఆకు ఆకంతా చైనాది. అప్పటికి అస్సాం తోటలే లేవు. కంపెనీ టీ కొనేది చైనాలోని కాంటన్ రేవులో. అక్కడి వర్తకులు వెండి తప్ప మరోటి పుచ్చుకోవడానికి అంతగా ఇష్టపడేవారు కాదు. వెండి మిగుల్చుకోవాలని ఇంగ్లీషువాళ్ళు చైనాకి మోసిన సరుకుల్లో చాలాకాలం ముందు వరసలో ఉన్నది భారతదేశపు ముడి దూది. ఆ తరవాత నల్లమందు దాన్ని వెనక్కి నెట్టింది. ఆ కథ ఎలా ముగిసిందో అందరికీ తెలిసిందే.

స్వతంత్రం వచ్చిన అమెరికా కూడా ఆలస్యం చేయలేదు. 1784 ఫిబ్రవరి 22న 'ఎంప్రెస్ ఆఫ్ చైనా' అనే ఓడ న్యూయార్క్ నుంచి కాంటన్‌కి బయలుదేరింది. అందులో ముఖ్యమైన సరుకు జిన్‌సెంగ్ వేళ్ళు, దాదాపు 30 టన్నులు. చైనావాళ్ళకి అది మందు. అమెరికా అడవుల్లో అది ఊరికే మొలిచేది. మరుసటి ఏడు మే నెలలో ఓడ టీ, పట్టు, పింగాణీ నింపుకుని లాభంతో ఇల్లు చేరింది. ఈ రెండు దేశాల బేరం అప్పటినుంచీ ఉన్నదే.

పద్దెనిమిది మంది వేలిముద్రలు

చైనా మలుపు ఎక్కడ మొదలైందంటే బీజింగ్ సభల పేర్లు చెబుతారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది అన్‌హుయ్ రాష్ట్రంలో ఒక పల్లె, షియావోగాంగ్. కరువులో పస్తులుండి, ఊళ్ళకి ఊళ్ళు తిరిపెమెత్తిన చోటు. 1978 నవంబరులో ఒక రాత్రి అక్కడి 18 ఇళ్ళవాళ్ళు ఒక గుడిసెలో చేరి కాగితం రాసుకున్నారు. భూమి సమష్టిదే, కానీ ఎవరి ముక్క వాళ్ళు పంచుకుని దున్నుకోవాలి. సర్కారు వాటా కొలిచాక మిగిలిన గింజలు ఎవరివి వాళ్ళవి. అప్పట్లో అది నేరం. అందుకే అదే కాగితం మీద ఇంకో మాట చేర్చారు: ఈ పనికి పెద్దలు జైలుకి పోతే వాళ్ళ పిల్లల్ని 18 ఏళ్ళు వచ్చేదాకా మిగతావాళ్ళు సాకాలి. కింద ఎర్రటి వేలిముద్రలు.

మరుసటి ఏడాది పంట ఎన్నో రెట్లు పెరిగింది. కబురు పైకి పాకింది, ఎవరూ జైలుకి పోలేదు. కొద్ది ఏళ్ళలో దేశమంతా అదే పద్ధతి. 1980లో షెంజెన్ ప్రత్యేక ఆర్థిక మండలం అయింది. అంతకుముందే, 1979 జనవరి 1న అమెరికాతో దౌత్య సంబంధాలు కుదిరాయి. ఆ నెలాఖరున అమెరికా వెళ్ళిన చైనా నాయకుడు డెంగ్ షియావోపింగ్ టెక్సాస్‌లో కౌబాయ్ టోపీ పెట్టుకుని ఫొటో దిగారు. ఆ టోపీ అంత పని చేసిన టోపీ ఇంకోటి లేదేమో.

ఇంకో సంగతి వింటే మీరు నమ్మకపోవచ్చు. 1990లో తలసరి ఆదాయం డాలర్లలో లెక్కేస్తే చైనా కంటే మనమే ఒక పిసరు ముందున్నాం. ఇప్పుడు వాళ్ళది 12 వేల డాలర్లు దాటింది, మనది రెండున్నర వేల చుట్టుపక్కల ఉంది.

హూనాన్ అనే శివకాశి

సేత్తూరు నుంచి శివకాశి గంటన్నర లోపు ప్రయాణం. 1923లో పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి అగ్గిపుల్లల పని నేర్చుకొచ్చిన దగ్గర్నుంచి అక్కడి కథ మొదలు. ఆ పైన టపాకాయలు, ఆ పైన అచ్చు పని.

చైనాలో దానికి జోడీ హూనాన్ రాష్ట్రం. టపాకాయలకి ల్యూయాంగ్, ప్లాస్టిక్ లైటర్లకి షావోడాంగ్, రెండూ ఆ రాష్ట్రంలోనివే. జులై 4న అమెరికావాళ్ళు తమ స్వాతంత్ర్య దినానికి ఇంటి పెరట్లో కాల్చుకునే టపాకాయలు దాదాపు అన్నీ చైనా నుంచి వచ్చినవే. శివకాశి సరుకు మాత్రం చాలావరకు దేశం లోపలే కాలిపోతుంది.

ఇక్కడివాళ్ళ కోపం చైనా టపాకాయ కంటే చైనా లైటరు మీదే ఎక్కువ. పది రూపాయల లైటరు ఒకటి ఇరవై అగ్గిపెట్టెల బేరాన్ని మింగేస్తుందన్నది వాళ్ళ లెక్క. అగ్గిపెట్టె రూపాయి నుంచి రెండు రూపాయలు కావడానికి 14 ఏళ్ళు పట్టింది, 2021 డిసెంబరు 1న అయింది. అదే సమయంలో పక్కనే లైటరు వేలాడుతుంటే ఎవరు ఏది కొంటారు? చివరికి 2023 జూన్ 29న కేంద్రం 20 రూపాయల లోపు లైటర్ల దిగుమతిని నిషేధించింది. సరుకు ఆగింది గానీ విడి భాగాలు దిగాయి. ఇక్కడ బిగిస్తే స్వదేశీ! దాంతో 2024 అక్టోబరులో విడి భాగాల మీద కూడా నిషేధం పెట్టాల్సి వచ్చింది. అమెరికా, చైనాల సుంకాల పోరులో జరిగేది కూడా ఇదే తంతు. ముందు తలుపు మూస్తే సరుకు పక్క సందులోంచి వస్తుంది.

టపాకాయల విషయంలో మాత్రం ఒక్క మాట. దొంగదారిన వచ్చే చైనా సరుకులో పొటాషియం క్లోరేటు ఉంటుందనే భయం ఊరికే పుట్టింది కాదు. గంధకంతో క్లోరేటు కలిపిన మందుని మన దేశం 1992లోనే నిషేధించింది, చిన్న రాపిడికే అంటుకుంటుందని. ఇక్కడ దేశభక్తిని పక్కన పెట్టి వేళ్ళ గురించి ఆలోచించినా చాలు.

సుంకం కట్టేది ఎవరు?

'చైనా మీద 145 శాతం సుంకం' అని 2025 ఏప్రిల్‌లో పేపర్లు రాశాయి. ఆ డబ్బు చైనా కట్టదు. అమెరికా రేవులో సరుకు దించుకునే అమెరికా వ్యాపారి తన కస్టమ్స్‌కి కడతాడు. ఆ పైన అమ్మేవాడి మెడ వంచుతాడా, కొనేవాడి జేబు తడుముతాడా అన్నది ఎవరి అవసరం ఎంతో దాన్ని బట్టి ఉంటుంది. చైనా బదులుగా 125 శాతం వేసింది. మే నెలలో జెనీవాలో కూర్చుని అమెరికా 30కి, చైనా 10కి దించుకున్నాయి. ఇంత రగడలోనూ 2025లో చైనా మొత్తం వ్యాపార మిగులు మొదటిసారి లక్ష కోట్ల డాలర్లు దాటింది.

కిరాణా కొట్టు ఖాతా

కొట్టు యజమాని అరువిచ్చి, ఆ అరువుతో తన సరుకే కొనిపించడం మనకి కొత్త కాదు. చైనా, అమెరికాల మధ్య చాలా ఏళ్ళు జరిగింది దాదాపు అదే. సరుకు అమ్మి వచ్చిన డాలర్లతో చైనా అమెరికా ప్రభుత్వ బాండ్లు కొన్నది. 2013లో ఆ అప్పు 1.3 లక్షల కోట్ల డాలర్లకి చేరింది. ఇప్పుడు 80 వేల కోట్ల లోపుకి తగ్గించుకుంది. ఖాతా మూయలేదు, పద్దు తగ్గిస్తోంది. కొట్టువాడు అలా చేస్తున్నాడంటే ఏమనుకోవాలో మన ఊళ్ళో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది.

ఒక పౌను నూలు తిరుమంగళం దాటుతుంది

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. రాజపాళయంలో పెరిగినవాళ్ళకి కౌంటు అంటే చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం రాస్తున్నా. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌనుకి ఎన్ని చిలపలు తూగితే ఆ నూలు అన్నో నంబరు. నూరో నంబరు నూలు ఒక పౌను, అంటే అరకిలోకి కాస్త తక్కువ, విప్పి పరిస్తే దాదాపు 77 కిలోమీటర్లు వస్తుంది. రాజపాళయంలో ఒక కొస కట్టి మదురై రోడ్డున నడిస్తే తిరుమంగళం దాటాక గానీ అయిపోదు. బాబిన్ మీద ఆ దారాన్ని వేలితో తాకితే ఉందో లేదో తెలియదు. తెగితే మాత్రం వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే అతకాల్సింది మనమే.

అంత సన్నం వడకాలంటే పింజె పొడుగ్గా ఉండాలి. కరిసల్ (నల్లరేగడి) నేలలో మా తాతలు వేసిన కరుంగణ్ణి దూది పింజె పొట్టిది. 1905 ప్రాంతంలో మద్రాసు ప్రెసిడెన్సీకి 'కంబోడియా దూది' వచ్చింది. పేరు కంబోడియాదే గానీ జాతి అమెరికాది, ఇండోచైనా చుట్టి మన దాకా వచ్చింది. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ పెట్టాక ఈ ప్రాంతం బతుకు దూదితో ముడిపడింది. ఎప్పుడో విజయనగర రోజుల్లో ఆంధ్ర దేశం నుంచి దిగివచ్చిన రాజుల ఊరు మిల్లు సైరనుకి లేచే ఊరయింది. సన్న నంబర్లకి ఇప్పుడు ఈజిప్టు గీజా, అమెరికా పిమా బేళ్ళు రావాల్సిందే.

2011 నుంచి మూడేళ్ళు నూలు వ్యాపారులకి పండగ. మనవాళ్ళు హఠాత్తుగా మొనగాళ్ళు అయిపోయి కాదు. చైనా ప్రభుత్వం తన రైతు దగ్గర ఎక్కువ ధరకి దూది కొని గోడౌన్లు నింపింది. కోటి టన్నులకి పైగా పేరుకుపోయింది. దాంతో చైనా మిల్లుకి సొంత దూది ప్రపంచ ధర కంటే ఖరీదైంది. బయటి దూది తెచ్చుకుందామంటే కోటా అడ్డం. బయటి నూలుకి కోటా లేదు. ఇంకేముంది, దూది బదులు నూలే కొన్నారు, మన నూలు. 2014లో ఆ పద్ధతి మానేసి, ధర తగ్గినప్పుడు తేడా సొమ్ము రైతుకే ఇవ్వడం మొదలుపెట్టారు. ఇక్కడ ఆర్డర్లు జారిపోయాయి. పైగా వియత్నాం, పాకిస్తాన్ నూలు చైనాలోకి సుంకం లేకుండా పోతుంటే మన నూలు మీద మూడున్నర శాతం. సన్న నూలులో ఆ మూడున్నర చాలు, బేరం పోవడానికి.

2025 ఇంకా చిత్రమైన ఏడాది. అమెరికా మీద కోపంతో చైనా మార్చి 10న అమెరికా దూది మీద 15 శాతం అదనపు సుంకం వేసింది. ఒకప్పుడు ఆ దూదికి అతిపెద్ద గిరాకీ చైనాయే. కొనేవాడు పోతే అమ్మేవాడు ఎటు చూస్తాడు? ఆగస్టు 19న మన కేంద్రం దూది దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తేసి, తరవాత దాన్ని డిసెంబరు 31 దాకా పొడిగించింది. సుంకం ఎత్తేసిన సరిగ్గా ఎనిమిది రోజులకి, ఆగస్టు 27న, అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. వాళ్ళ దూదికి మనం తలుపు తీశాం, మన గుడ్డకి వాళ్ళు తలుపు వేశారు.

తెలుగువాడికి ఇక్కడో ఇరకాటం ఉంది. దేశంలో నూలు వడికే సత్తా దాదాపు సగం తమిళనాడులో ఉంది, దూది పంట మాత్రం ఇక్కడ కొద్దిగానే. మిల్లులకి దూది ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు, గుజరాత్, విదర్భల నుంచి రావాలి. అంటే అక్కడ పత్తి ఏరేవాళ్ళలోనూ, ఇక్కడ వడికేవాళ్ళలోనూ తెలుగువాళ్ళున్నారు. సుంకం ఎత్తేస్తే మిల్లు ఊపిరి పీల్చుకుంటుంది, రైతు గుండె ఆగుతుంది. 2025-26లో పొడుగు పింజె పత్తికి మద్దతు ధర క్వింటాలు 8,110 రూపాయలు. అంతకంటే చౌకగా బయటి దూది దిగితే మద్దతు ధరకి కొనే భారం ప్రభుత్వ సంస్థ కాటన్ కార్పొరేషన్ మీద పడుతుంది. నన్నడిగితే 2024 ఫిబ్రవరిలో చేసిన పనే సబబు: 32 మిల్లీమీటర్లు దాటిన అతి పొడుగు పింజెకి మాత్రమే సుంకం తీశారు. మన దగ్గర పెద్దగా పండని రకానికి తలుపు తీస్తే ఎవరి కడుపూ కాలదు. అన్ని రకాలకీ బార్లా తెరవడం మిల్లు దగ్గర మంచి పేరు కోసం రైతు జేబులో చెయ్యి పెట్టడమే.

దూది అబద్ధం చెప్పదు

షిన్‌జియాంగ్‌లో బలవంతపు చాకిరీ ఉందంటూ అమెరికా ఒక చట్టం చేసి, 2022 జూన్ 21 నుంచి ఆ ప్రాంతపు సరుకుని ఆపేస్తోంది. చైనా దూదిలో అత్యధిక భాగం అక్కడిదే. మరి చొక్కాలోకి చేరిన దూది ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? మొక్క తాగిన నీటి ఆనవాలు, పెరిగిన నేల ఆనవాలు పింజెలోని అణువుల్లో మిగిలి ఉంటాయి. వడికినా, నేసినా, రంగు అద్దినా ప్రయోగశాలలో ఆ గుర్తు పట్టగలరు. పత్తి రైతు అరచేతిలో పింజె లాగి చూసి ఏ ఊరిదో చెప్పేవాడని మా తాతలు అనేవారు. అదే విద్యకి ఇప్పుడు యంత్రం వచ్చింది.

విమానమెక్కిన 600 టన్నులు

2025లో సుంకాల వార్త గుప్పుమనగానే, మార్చి మొదలు చెన్నై నుంచి దాదాపు 600 టన్నుల ఐఫోన్లు ప్రత్యేక విమానాల్లో అమెరికా వెళ్ళాయి. మే 1న ఐఫోన్ల కంపెనీ ఆపిల్ అధిపతి టిమ్ కుక్, జూన్‌తో ముగిసే మూడు నెలల్లో అమెరికాలో అమ్మే ఐఫోన్లలో ఎక్కువ భాగం భారత్‌లో తయారైనవే అవుతాయన్నారు. ఆంధ్రలో ఈ ముచ్చట ఇంకా ముందే మొదలైంది. 2015 ఆగస్టులో చైనా కంపెనీ షియోమి మన దేశంలో చేసిన మొదటి ఫోను శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారం నుంచి వచ్చింది. అయితే సంబరం మరీ ఎక్కువొద్దు. 2024-25లో చైనా నుంచి మనం కొన్నది 11,300 కోట్ల డాలర్లకి పైన, అమ్మింది 1,400 కోట్ల పైచిలుకు. ఫోను మనం బిగిస్తున్నాం, లోపలి సామానులో చాలా భాగం ఇంకా అటునుంచే వస్తోంది. లైటరు కథే, పెద్ద అక్షరాల్లో.

నీళ్ళలో మునిగే దూది

చివరగా మా పక్క ఊళ్ళ సరుకు. రాజపాళయం దగ్గర సత్తిరప్పట్టిలో మరమగ్గాల మీద నేసేది చీరలు, పంచెలు కాదు, ఆసుపత్రి బ్యాండేజీ గుడ్డ. రాజపాళయంలో రామరాజు సర్జికల్ కాటన్ మిల్స్ 1939 నాటిది. దెబ్బ తగిలితే మీ ఒంటిమీదికి వచ్చిన గాజుగుడ్డ ఈ వీధుల్లోంచే వచ్చి ఉండొచ్చు. ఈ వ్యాపారంలోనూ ఎదురుగా నిలబడేది చైనాయే. 2024 సెప్టెంబరులో అమెరికా చైనా సిరంజిల మీద సుంకం 100 శాతానికి పెంచింది, మాస్కుల మీద, గ్లౌజుల మీద కూడా బాదింది. కరోనా రోజుల్లో మాస్కు కోసం చైనా వైపు చెయ్యి చాచాల్సి వచ్చిందని వాళ్ళకి ఇంకా మంట.

చెట్టు మీది దూదికి సన్నని మైనం పొర ఉంటుంది. అందుకే పచ్చి దూది నీటి మీద తేలుతుంది, నెత్తురు పీల్చదు. కాస్టిక్ సోడాలో ఉడికించి ఆ మైనం వదలగొట్టి, తెల్లగా చలవ చేస్తేనే అది ఆసుపత్రి దూది. సరిగా ఉడికిందో లేదో చూడటానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. మందుల కొట్టులో కొన్న దూది కట్ట ఇంట్లో ఉంటే చిటికెడు తీసి గిన్నెడు నీళ్ళలో వేసి చూడండి. 10 సెకన్ల లోపు మునగాలి. మునగకపోతే అది ఏ దేశానిదైనా సరే, కొట్టువాడికి తిరిగి ఇచ్చేయండి.